ఎర్ల్ డీన్ గీసిన సీసా

1915 వేసవిలో, అమెరికాలోని ఇండియానా రాష్ట్రం టెర్రె హోట్ పట్టణంలో, రూట్ గ్లాస్ కంపెనీ అచ్చుల విభాగంలో పనిచేసే ఎర్ల్ డీన్ కాగితం మీద ఒక సీసా బొమ్మ గీశాడు. ఆ బొమ్మ ఇప్పటికీ ఉంది. సన్నటి మెడ, దాని కింద గుండ్రంగా ఉబ్బిన పొట్ట, పై నుంచి కిందికి సాగే నిలువు గట్లు, మళ్లీ ఇరుకవుతూ దిగే అడుగు. ఎవరికి చూపించినా కోకా-కోలా సీసా అనేస్తారు. కాస్త నిదానించి చూస్తే మాత్రం మన చేతికి అలవాటైన సీసా ఇది కాదని తెలుస్తుంది. పొట్ట మరీ పెద్దది, అడుగు మరీ చిన్నది. మన ఊరి కొట్లో డబ్బాల్లో వరసగా నిలబడ్డ సీసాలకు ఇది పెద్దన్నలా ఉంటుంది.

పానీయాల ప్యాకేజింగ్ మీద రాసేవాళ్లు మామూలుగా తయారైపోయిన సీసానే మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ చిత్తుబొమ్మ మీదే మక్కువ. ఒక ఆలోచన వస్తువు కావడానికి ముందు ఏం చూసుకుంది, దేన్ని పట్టుకుంది, దేన్ని వదులుకుంది అన్నది అక్కడే కనబడుతుంది. ఇంత ప్రసిద్ధమైన వస్తువు విషయంలో ఆ తొలి దశ ఇంత స్పష్టంగా మనకు మిగలడం అరుదు.

ముందుగా, ఆ బొమ్మ గీయవలసిన అవసరం ఎక్కడ పుట్టిందో చూడాలి. 1899లో బెంజమిన్ థామస్, జోసెఫ్ వైట్‌హెడ్ అనే ఇద్దరు లాయర్లు అమెరికాలో చాలా భాగానికి కోకా-కోలాను సీసాల్లో నింపి అమ్మే హక్కును 1 డాలరుకు పొందారు. ఆ హక్కు కింద ఊరూరా నింపే కేంద్రాలు వెలిశాయి. ఎవరి సీసాలు వాళ్లు కొనుక్కునేవారు. నిటారు గోడలున్న మామూలు సీసా, మీద ఒక కాగితం లేబుల్. 1906లో వజ్రం ఆకారపు లేబుల్ వచ్చాక కొంత గుర్తింపు దొరికింది కానీ అసలు ఇబ్బంది కొట్లో ఉంది. అప్పటికి ఫ్రిజ్‌లు లేవు. సీసాలన్నిటినీ ఐసు నీళ్ల తొట్టిలో ముంచి ఉంచేవారు. నీళ్లకు నానిన లేబుల్ ఊడి తేలిపోయేది. కొనేవాడు చన్నీళ్లలో చెయ్యి పెట్టి తడిమి సీసాను బయటికి తీసేవాడు. తీసినది కోకా-కోలాయో, దాని పేరుకు దగ్గర పేరు పెట్టుకున్న టోకా-కోలాయో, కోకా-నోలాయో తీసేదాకా తెలిసేది కాదు. కంపెనీ న్యాయవాది హరాల్డ్ హిర్ష్ ఈ నకళ్ల మీద కోర్టుల చుట్టూ తిరుగుతూనే, మనకంటూ ఒక సీసా ఉండాలని ఆ నింపే కేంద్రాల యజమానులైన బాట్లర్లకు 1914లో గట్టిగా చెప్పాడు. ఖర్చు అనగానే వాళ్లు వెనకాడారు. ఉన్న సీసాలన్నీ పారేసి కొత్తవి కొనడమంటే చిన్న ఊరి బాట్లర్‌కు అది మాటలతో అయ్యే పని కాదు.

చివరికి 1915 ఏప్రిల్‌లో బాట్లర్ల సంఘం ప్రత్యేకమైన సీసాను తయారు చేయించడానికి 500 డాలర్ల దాకా ఖర్చుపెట్టవచ్చని తీర్మానించింది. దేశంలోని కొన్ని గాజు కంపెనీలకు పిలుపు వెళ్లింది. ఆ పిలుపులో అడిగినవి రెండే: చీకట్లో తడిమినా ఇదేనని తెలియాలి, నేల మీద పగిలి పడి ఉన్నా ఇదేనని తెలియాలి.

ప్యాకేజింగ్ పనిలో నాకు తెలిసిన పిలుపులన్నిటిలోకీ ఇదే గొప్పది. డిజైనర్ల ముందుకు వచ్చే కాగితాల్లో ఎక్కువగా విశేషణాలుంటాయి. తాజాగా అనిపించాలి, కుర్రకారుకు నచ్చాలి, ఖరీదైనదిగా కనబడాలి అని. ఇవి నిజమో కాదో కొలిచే దారి లేదు కనుక చివరికి ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల ఇష్టమే నెగ్గుతుంది. 1915 పిలుపులో ఒక్క విశేషణం కూడా లేదు. దీపం ఆర్పేసి చేతికిచ్చి చూస్తే సరిపోతుంది. నేలకేసి కొట్టి పెంకు తీసి చూస్తే సరిపోతుంది. పైగా ఆ రెండు పరీక్షలూ ఎవరి ఊహలోనో పుట్టినవి కావు, ఐసు తొట్టిలోంచీ కొట్టు ముందరి నేల మీదినుంచీ వచ్చినవి. లేబుల్ లేకపోయినా నిలవాలి, రంగు కనబడకపోయినా నిలవాలి, సగం విరిగినా నిలవాలి. అంటే గుర్తు సీసా మీద ఉంటే చాలదు, సీసాయే గుర్తు కావాలి. ఇంత ఇరుకైన షరతు పెట్టినప్పుడే డిజైనర్ చెయ్యి సూటిగా కదులుతుంది.

ఇక్కడ మన గోలీ సోడా తలపుకు రాకమానదు. ఇంగ్లండులో హైరమ్ కాడ్ 1870లలో పేటెంటు పొందిన సీసా అది. తలకిందులుగా పట్టుకుని నింపితే గోలీ మెడలోకి జారుతుంది, లోపలి గ్యాసు దాన్ని నోటి దగ్గరి రబ్బరు వాషరుకు అదిమి పట్టి ఉంచుతుంది. తాగేటప్పుడు గోలీ అడ్డం పడకుండా దాన్ని ఆపడానికి మెడకు రెండు నొక్కులు. చీకట్లో తడిమినా ఆ నొక్కులు వేలికి తగులుతాయి. పగిలితే గోలీ బయటపడుతుంది, ఇక గుర్తు పట్టలేకపోవడమన్నది లేదు. కోకా-కోలా బాట్లర్లు కోరుకున్న రెండు పరీక్షలూ కాడ్ సీసా అంతకు నలభై ఏళ్ల ముందే, ఎవరూ అడగకుండానే గెలిచింది. అక్కడ మూత పనిచేసే తీరు నుంచే ఆకారం దానంతటదే వచ్చింది. డీన్‌కు ఆ సౌకర్యం లేదు. బాల్టిమోర్‌లో విలియం పెయింటర్ 1892లో పేటెంటు పొందిన క్రౌన్ మూత అప్పటికే సీసాలన్నిటికీ వచ్చేసింది. దానికి తగ్గట్టు పైన నోరు ఎలా ఉండాలో ముందే ఖాయమైపోయింది. నోటిని ముట్టుకోకూడదు. లోపల పట్టే పానీయం 6.5 ఔన్సులు, అదీ మారకూడదు. మిగిలిందల్లా నోటికీ అడుగుకూ మధ్యనున్న గోడ. ఆ గోడనే మాట్లాడించాలి.

రూట్ కంపెనీ యజమాని చాప్‌మన్ రూట్ ఈ పని తన మనుషులకు అప్పజెప్పాడు. స్వీడన్ నుంచి వచ్చిన పర్యవేక్షకుడు అలెగ్జాండర్ శామ్యూల్సన్, లెక్కలు చూసే క్లైడ్ ఎడ్వర్డ్స్, అచ్చులు చేసే డీన్. పానీయం పేరులోనే రెండు మొక్కలున్నాయి కదా, కోకా ఆకు, కోలా గింజ. వాటిలో ఏదో ఒకదాని ఆకారం సీసాకు పనికొస్తుందేమో అనుకున్నారు. డీన్, ఎడ్వర్డ్స్ ఊళ్లోని ఫెయిర్‌బ్యాంక్స్ లైబ్రరీకి వెళ్లి పుస్తకాలు తిరగేశారు. ఆకులోనూ గింజలోనూ సీసా దొరకలేదు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో ఒక చోట డీన్ కంటికి మరో బొమ్మ తగిలింది. చాక్లెట్‌కు గింజలిచ్చే కోకో కాయ అది. కోకా-కోలాలో దానికి ఏ పాత్రా లేదు.

ఈ కథ చెప్పేవాళ్లు ఇక్కడ ఆగి, పొరపాటున పుట్టిన సీసా అని సరదా పడతారు. నాకు అందులో పొరపాటు కనబడదు. డీన్ వెతికింది ఆకారం కోసం, వృక్షశాస్త్రం కోసం కాదు. తనకు కావలసిన మూడు గుణాలూ ఒకే చోట ఉన్న వస్తువును అతని కన్ను పట్టుకుంది. గోదావరి జిల్లాల్లో కొబ్బరి చెట్ల నీడన కోకో అంతర పంట వేస్తారు కనుక మనవాళ్లలో చాలామంది ఆ కాయను చేతిలోకి తీసుకుని ఉంటారు. చెట్టు మొద్దుకే అంటుకుని వేలాడుతుంది. తొడిమ దగ్గర సన్నం, నడిమిన ఉబ్బు, చివర మళ్లీ కొస. ఒంటి మీద ఈ కొస నుంచి ఆ కొసకు లోతైన గాడులు, వాటి మధ్య గట్లు. కళ్లు మూసుకుని వేలితో రాసినా కోకో కాయ అని తెలిసిపోతుంది. లైబ్రరీ బొమ్మలో డీన్‌కు కనబడింది ఇదే: సన్నటి తొడిమ మెడ అవుతుంది, ఉబ్బు పొట్ట అవుతుంది, గట్లు వేలికి గుర్తవుతాయి. కోకా ఆకును పట్టుకుని ఉంటే సీసా మీద ఒక ఆకు ముద్ర వచ్చేది, అంతే. నీళ్లలో తడిమే చేతికి ఆకు ముద్ర ఏం చెబుతుంది?

అచ్చుల మనిషి గీసిన బొమ్మకూ ఒట్టి చిత్రకారుడు గీసిన బొమ్మకూ తేడా ఆ గట్లలో ఉంది. గాజు సీసా ఎలా తయారవుతుందో ఒక్కసారి తలుచుకోండి. కొలిమిలో కరిగిన గాజును ముద్దగా తెంపి మొదటి అచ్చులో వేస్తారు. అక్కడ నోరు తీరుతుంది, ముద్దకు ఒక పొడుగాటి రూపు వస్తుంది. దాన్ని రెండో అచ్చులోకి మార్చి గాలి ఊదితే గాజు సాగి అచ్చు గోడకు అంటుకుని చివరి ఆకారం తీసుకుంటుంది. ఆ అచ్చు రెండు పోత ఇనుప చెక్కలు. తలుపు రెక్కల్లా తెరుచుకుంటాయి. రెండు చెక్కలూ కలిసే చోట సీసాకు రెండు పక్కలా నిలువుగా ఒక గీత మిగులుతుంది. నున్నటి సీసా మీద ఆ గీత మచ్చలా కనబడుతుంది. నిలువు గట్లున్న సీసా మీద అది గట్లలో కలిసిపోతుంది. ఇంకో సంగతి. గ్యాసున్న పానీయం గోడను లోపలి నుంచి తోస్తుంది. గాజుకు పదునైన మూలలుంటే ఒత్తిడి అక్కడ పోగై పగులుతుంది. డీన్ ఆకారంలో ఎక్కడా మూల లేదు, ఒక వంపు ఇంకో వంపులోకి జారుతుంది. గట్లు కూడా ఒక చోట తెగిపోకుండా గోడలోకి సన్నగా కరిగిపోతాయి. నడుమ పేరు రాయడానికి కొంత మేర నున్నగా వదిలాడు. పైన గట్లు, కింద గట్లు, మధ్యలో ఊపిరి పీల్చుకునే చోటు. ఈ నున్నటి పట్టీయే లేకపోతే ఆ గట్లు ఒట్టి అలంకారంగా మిగిలేవి. ఇప్పుడు అవి పేరుకు చుట్టూ కట్టిన చట్రం.

అప్పుడు అతనికి వ్యవధి కూడా లేదు. వేసవి ఎండలకు కొలిమి ముందు మనుషులు నిలబడలేరు కనుక గాజు ఫ్యాక్టరీలు ఆ రోజుల్లో కొంతకాలం మూసి మరమ్మతులు చేసుకునేవి. రూట్ ఫ్యాక్టరీకి ఆ మూత వేళ దగ్గరపడింది. రాత్రి గీసిన బొమ్మకు మర్నాడు పొద్దున రూట్ సరేనన్నాడు. కొలిమి చల్లారేలోగా డీన్ అచ్చు చెక్కి, కొన్ని నమూనా సీసాలు తీశాడు. కాగితం మీద గీసిన చెయ్యే ఇనుములో చెక్కింది కనుక బొమ్మకూ అచ్చుకూ మధ్య అర్థం మారిపోయే వీలు లేకపోయింది. ఇప్పటి పెద్ద కంపెనీల్లో తొలి స్కెచ్ వేసేది ఒకరు, కంప్యూటర్‌లో మోడల్ కట్టేది ఒకరు, అచ్చు చేసేది మరొక దేశంలో ఇంకొకరు. ఒక్కొక్క చేయి మారేటప్పుడు ఒక వంపు కాస్త చప్పబడుతుంది. డీన్ సీసాలో చప్పబడిన వంపు ఒక్కటి కూడా లేకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

ఆ నమూనాలో లోపం ఉంది, పెద్దదే. పొట్ట వెడల్పు అడుగు వెడల్పు కన్నా ఎక్కువ. బల్ల మీద ఒంటరిగా నిలబెట్టి చూస్తే అందంగానే ఉంటుంది. నింపే కేంద్రంలో కన్వేయర్ బెల్టు మీద వందల సీసాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ కదులుతాయి. పొట్టలు ఒకదానికొకటి తగులుతాయి, అడుగులు మాత్రం దూరంగా ఉండిపోతాయి. పైన తోపు, కింద ఆధారం లేదు. సీసా పడిపోతుంది. ఒకటి పడితే వెనకవన్నీ ఆగుతాయి.

డీన్ చేసిన దిద్దుబాటు చూడండి. అడుగును పెంచి పొట్టకు సమానం చేయవచ్చు. అప్పుడు సీసా మోటుదయ్యేది, డబ్బాలో తక్కువ పట్టేది. గట్లు తీసేసి గోడను నిటారు చేయవచ్చు. అప్పుడు మొదటికే మోసం. అతను పొట్టను తగ్గించాడు, గట్లను అలాగే ఉంచాడు. ఉబ్బు తగ్గిన సీసా పొడుగ్గా, నాజూకుగా అనిపించింది. పొట్టకూ అడుగుకూ మధ్యనున్న ఇరుకు చోటు కంటికి ఆనింది, చేతికి పట్టు దొరికింది. కోకో కాయ వెనక్కి తగ్గి ఒక మనిషి నడుము ముందుకొచ్చింది. మోకాళ్ల దగ్గర బిగుతుగా ఉండే ఆనాటి ఆడవాళ్ల లంగా ఫ్యాషన్ పేరుతో జనం దాన్ని పిలవడం మొదలుపెట్టారు. ఆ నాజూకుతనం కోసం ఎవరూ కూర్చుని కలలు కనలేదు. బెల్టు మీద నిలబడవలసిన అవసరం దాన్ని తెచ్చిపెట్టింది. ఆ అవసరానికి లొంగుతూనే అసలు ఆలోచనను చేజారనివ్వకపోవడం ఈ పనిలో నేను అన్నిటికన్నా మెచ్చుకునే మెట్టు. తొలి నమూనా సీసాలు నేడు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని కూడా లేవు. 2011లో ఒకటి అమెరికాలో వేలానికి వచ్చి 240,000 డాలర్లు పలికింది.

డిజైన్ పేటెంటు 1915 నవంబరు 16న వచ్చింది. దాని బొమ్మ లావు పొట్ట ఉన్న తొలి రూపానిదే. దాని మీద కోకా-కోలా అన్న పేరు లేదు, నున్నటి పట్టీ ఖాళీగా ఉంది. పేటెంటు దరఖాస్తు మీద ఉన్న పేరు శామ్యూల్సన్‌ది. ఫ్యాక్టరీల్లో అది వాడుకే అయినా, గీసిన చేతి పేరు చాలాకాలం పుస్తకాల్లోకి రాలేదు. డీన్‌కు బహుమతిగా 500 డాలర్లు గానీ జీవితాంతం ఉద్యోగం గానీ ఎంచుకోమన్నారు. అతను ఉద్యోగం ఎంచుకున్నాడు. 1930లలో ఓవెన్స్-ఇల్లినాయ్ కంపెనీ రూట్‌ను కొనేయడంతో ఆ హామీ ముగిసింది. రూట్ మాత్రం సీసాల లెక్కన రాయల్టీ పుచ్చుకుని ఇండియానాలోని పెద్ద ధనికుల్లో ఒకడయ్యాడు. తర్వాత ఎందరో ఈ సీసాను రేమండ్ లోవీ ఖాతాలో వేశారు. లోవీ చేసింది 1955లో పెద్ద సైజు సీసాలు వచ్చినప్పుడు ఆ వంపులను సవరించి, గాజులో ఉబ్బెత్తుగా ఉండే అక్షరాల చోట తెల్ల అక్షరాలు దిద్దించడం. అది చక్కటి పనే. అయినా ఆకారం డీన్‌దే.

1916లో బాట్లర్ల సభ మిగతా కంపెనీల నమూనాలను పక్కనబెట్టి రూట్ సీసాను ఎంచుకుంది. 1920 నాటికి అదే అంతటా ప్రామాణికమైంది. ఆ తొలి సీసా బరువు ఎంతో చెబితే ఇప్పటి డిజైనర్లు ఆశ్చర్యపోతారు. ఖాళీ సీసా 14.5 ఔన్సులకు తగ్గకూడదు. అంటే లోపలి పానీయానికి రెండింతలకు పైగా గాజే. సీసా తిరిగి రావాలి, కడగాలి, మళ్లీ నింపాలి, బండ్ల మీద కుదుపులు తినాలి. అందుకే అంత మందం. చేతిలోకి తీసుకున్నప్పటి ఆ బరువు, ఆ చల్లదనం కూడా గుర్తులో భాగమే. రంగు విషయంలోనూ ఒక నిబంధన పెట్టారు. ఇసుకలో ఇనుము లాంటివి ఉంటే గాజుకు సహజంగానే పచ్చదనం వస్తుంది. ఆ లేత నీలి పచ్చను వదిలించుకోకుండా, ఊరికో రంగు రాకుండా, దాన్నే ఒక మెట్టు దగ్గర ఆపి ఖాయం చేశారు. తరువాత దానికి జార్జియా గ్రీన్ అన్న పేరు నిలిచింది. పగిలిన పెంకును గుర్తు పట్టాలన్న రెండో పరీక్షలో గట్టుకు ఈ రంగు తోడైంది.

డిజైన్ పేటెంటుకు కాలపరిమితి ఉంటుంది. అందుకే 1923లో ఒకటి, 1937లో మరొకటి తీసుకున్నారు. 1923 క్రిస్మస్ రోజున వచ్చిన పేటెంటు తేదీ గాజు మీదే అచ్చయ్యేది కనుక ఆ సీసాలను సేకరించేవాళ్లు క్రిస్మస్ సీసాలంటారు. 1960లో అమెరికా ప్రభుత్వం ఆ ఆకారాన్నే ట్రేడ్‌మార్కుగా నమోదు చేసింది. హిర్ష్ కోరుకున్నది సరిగ్గా ఇదే. అక్షరం అక్కర్లేకుండా గోడ వంపు ఒక్కటే చట్టం ముందు సంతకంగా చెల్లింది.

ఆ వంపులు ప్లాస్టిక్‌లోకి రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. నథానియల్ వైత్ 1973లో గ్యాసు పానీయాలకు పనికొచ్చే పెట్ అనే ప్లాస్టిక్ సీసాకు పేటెంటు పొందాడు. ఆ తర్వాత వచ్చిన పెద్ద సీసాలన్నీ తిన్నటి స్తంభాలే. గాజు గోడ లోపలి ఒత్తిడికి కదలదు. పల్చటి ప్లాస్టిక్ గోడ కదులుతుంది, లోపలికి వంగిన నడుమును గ్యాసు బయటికి తోస్తుంది, పొట్ట ఇంకా ఉబ్బుతుంది. గాజుకు సహజంగా అమరిన ఆకారం ప్లాస్టిక్‌కు ఎదురీత. 1990లలో నడుమున్న ప్లాస్టిక్ సీసా వచ్చేనాటికి గోడ మందాన్ని చోటుకో రకంగా పంచడం, అడుగును పూరేకుల్లా మడిచి నిలబెట్టడం ఇంజనీర్ల చేతికి వచ్చింది. ఆ ప్లాస్టిక్ సీసా మీదా గట్లున్నాయి, పేరుకు చోటూ ఉంది. పొట్ట, అడుగు దాదాపు ఒకే వెడల్పు. టెర్రె హోట్‌లో రెండోసారి పెట్టిన కొలతను దాటడానికి ఎవరూ సాహసించలేదు.